మంచు మీద జారే పలక

మనకు మంచు అంటే చలికాలం పొద్దున్నే కనపడే పొగమంచు. గడ్డి మీద నిలిచే నీటి చుక్కలు. ఎండ రాగానే అది పోతుంది.

కానీ బాగా చలిగా ఉండే చోట్ల ఆకాశం నుంచి వానకు బదులు మంచు రాలుతుంది. ఏకిన దూదిలా తెల్లగా, మెత్తగా పడుతుంది. మోకాలి లోతు పేరుకుంటుంది. ఒక్కోచోట మనిషి లోతు కూడా పేరుకుంటుంది. మన దేశంలో కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్ కొండల్లో ఇలాంటి మంచు పడుతుంది. అమెరికా, జపాన్, ఆస్ట్రియా దేశాల కొండల మీద నెలల తరబడి ఉంటుంది.

అక్కడి వాళ్లకు మంచు కొండ మీద నుంచి కిందికి జారడం ఒక ఆట. రెండు కాళ్లకు రెండు సన్నని, పొడుగాటి చెక్కలు కట్టుకుని జారితే దాన్ని స్కీ ఆట అంటారు. అది చాలా పాతది. రెండు కాళ్లూ ఒకే పలక మీద పెట్టి, పక్కకు తిరిగి నిలబడి జారేది కొత్త ఆట. ఆ పలక పేరు స్నోబోర్డు. స్నో అంటే మంచు. బోర్డు అంటే పలక.

స్నోబోర్డులు చేసే కంపెనీల్లో బాగా పేరున్నది బర్టన్ కంపెనీ. అది అమెరికాలో ఉంది. ఒక్క మనిషి ఒక కొట్టంలో మొదలుపెట్టిన పని అది. ఆ పని ఎలా పెరిగింది? ఒక పలకలో అంత ఆలోచించాల్సింది ఏముంది? తెలుసుకుందాం.

పిల్లల కోసం చేసిన బొమ్మ

1965వ సంవత్సరం. క్రిస్మస్ పండుగ రోజు. అమెరికాలో మిషిగన్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ షెర్మన్ పాపెన్ అనే ఆయన ఉండేవాడు. ఆయన భార్య నిండు గర్భిణి. ఇంట్లో ఆడపిల్లలు గోల చేస్తున్నారు. వాళ్లను కాసేపు బయటికి తీసుకుపొమ్మని ఆమె చెప్పింది.

పాపెన్ రెండు స్కీ చెక్కలను పక్కపక్కన పెట్టాడు. వాటిని అడ్డచెక్కలతో కలిపి బిగించాడు. పిల్లలు దాని మీద నిలబడి మంచు దిబ్బ మీద నుంచి జారారు. వాళ్లకు అది ఎంతో నచ్చింది. చుట్టుపక్కల పిల్లలూ మాకూ కావాలన్నారు. ఆయన భార్య దానికి స్నర్ఫర్ అని పేరు పెట్టింది. తర్వాత ఒక కంపెనీ దాన్ని ఆటబొమ్మగా చేసి లక్షల కొద్దీ అమ్మింది.

స్నర్ఫర్‌కు ముందు వైపు ఒక తాడు ఉండేది. దాన్ని పట్టుకుని నిలబడాలి. కాళ్లకు మాత్రం ఏ పట్టీ లేదు. కాబట్టి కాలు జారేది. పలక ఒక వైపు, మనిషి ఒక వైపు పడేవారు. పలకను కోరిన వైపుకు తిప్పడం కూడా కష్టమే.

కొట్టంలో పని

జేక్ బర్టన్ కార్పెంటర్ అనే కుర్రవాడు 14 ఏళ్ల వయసులో స్నర్ఫర్ కొన్నాడు. దాన్ని ఇంకా బాగా చేయవచ్చని అతనికి అనిపించింది. పెద్దవాడై న్యూయార్కు నగరంలో ఉద్యోగం చేశాడు. కానీ మనసు పలక మీదే ఉంది. 1977లో ఉద్యోగం మానేశాడు. వెర్మాంట్ అనే కొండల రాష్ట్రానికి వెళ్లాడు. లండన్‌డెరీ అనే చిన్న ఊళ్లో ఒక కొట్టంలో పని మొదలుపెట్టాడు. తన పేరులోని బర్టన్ అనే మాటనే కంపెనీకి పెట్టాడు.

ఆయన పేరు చివర ఉన్న కార్పెంటర్ అనే మాటకు వడ్రంగి అని అర్థం. కానీ ఆయనకు వడ్రంగం రాదు. కోసి చూశాడు. అతికి చూశాడు. వంచి చూశాడు. ఒక చెక్క విరిగేది. ఒక చెక్క బరువయ్యేది. చేసిన ప్రతి పలకనూ కొండ మీదికి తీసుకుపోయి తనే జారి చూసేవాడు. ఎక్కడ తప్పు ఉందో చూసుకుని మళ్లీ చేసేవాడు. ఇలా ఇంచుమించు 100 నమూనాలు చేశాడు.

చివరికి సన్నని చెక్క పొరలను జిగురుతో అతికి చేసిన పలక కుదిరింది. దానికి కాలు పెట్టుకునే పట్టీ బిగించాడు. పలకకూ మనిషికీ ముడి పడింది. ఇదే పెద్ద మార్పు. కాలు కదిలితే పలక కదులుతుంది. మనిషి ఒరిగితే పలకా ఒరుగుతుంది.

కానీ కొనేవాళ్లు లేరు. మొదటి ఏడాది అమ్మినవి 300 పలకలు మాత్రమే. ఆయన రాత్రిపూట బారులో పని చేశాడు. ఎండాకాలంలో టెన్నిస్ ఆట నేర్పి సంపాదించాడు. ఆ డబ్బు పలకల పనిలో పెట్టాడు.

డోనా చేయి

జేక్‌కు డోనాతో 1983లో పెళ్లయింది. ఆమె న్యూయార్కు నుంచి వెర్మాంట్‌కు వచ్చింది. వచ్చిన కొత్తలో పలకలకు పూత వేసే పని కూడా చేసింది.

1985లో వాళ్లిద్దరూ ఐరోపా ఖండంలోని ఆస్ట్రియా దేశం వెళ్లారు. అక్కడ స్కీ చెక్కలు చేసే ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. మంచి పనితనం ఉంది. ఇన్స్‌బ్రక్ అనే నగరంలో కంపెనీ ఆఫీసు తెరిచారు. ఐరోపాలో వ్యాపారాన్ని నిలబెట్టింది డోనాయే. తర్వాత కంపెనీ డబ్బు లెక్కలన్నీ ఆమె చూసింది. 2016లో మొత్తం కంపెనీని నడిపే పదవిలోకి వచ్చింది.

కొండ మీదికి రానివ్వలేదు

పలక తయారైంది. కానీ జారడానికి చోటు ఏది? పెద్ద కొండల మీద స్కీ ఆటకు దారులున్నాయి. పైకి తీసుకుపోయే తీగబండ్లు ఉన్నాయి. వాటి యజమానులు స్నోబోర్డుల వాళ్లను రానివ్వలేదు. ఈ పలకలు ప్రమాదమని అన్నారు. వీళ్లు కుర్రకారు, చెప్పిన మాట వినరని అన్నారు. కాబట్టి వాళ్లు పలకను చంకలో పెట్టుకుని నడిచి కొండ ఎక్కేవాళ్లు. చీకటి పడ్డాక జారేవాళ్లు.

జేక్ కొండల యజమానుల దగ్గరికి వెళ్లి మళ్లీ మళ్లీ అడిగాడు. 1983 నాటికి వెర్మాంట్‌లోని స్ట్రాటన్ కొండ వాళ్లు ఒప్పుకున్నారు. అయితే ఒక షరతు పెట్టారు. ముందు పరీక్ష పెడతాం, పలకను అదుపులో పెట్టగలనని చూపించాలి అన్నారు. చూపించారు. తర్వాత ఒక్కొక్క కొండా తలుపు తెరిచింది.

1998లో జపాన్ దేశంలోని నగానోలో శీతాకాల ఒలింపిక్ పోటీలు జరిగాయి. వాటిలో మొదటిసారి స్నోబోర్డు ఆట పెట్టారు. కాదన్న ఆట ప్రపంచ పోటీల్లోకి వచ్చింది. అయినా అమెరికాలో 3 స్కీ కొండలు స్నోబోర్డులను ఇప్పటికీ రానివ్వవు.

కొండల వాళ్ల భయం మొత్తం తప్పు కాదు. మొదటి పలకలకు అదుపు తక్కువ. ఆ అదుపు ఎలా వచ్చిందో తెలియాలంటే పలక లోపల ఏముందో చూడాలి.

పలక లోపల ఏముంది?

పెద్దవాళ్ల పలక పొడవు సుమారు 150 సెంటీమీటర్లు. అంటే దాదాపు 5 అడుగులు. వెడల్పు జానెడు కన్నా కొంచెం ఎక్కువ. చూడ్డానికి ఒకే ముక్కలా ఉంటుంది. కానీ లోపల చాలా పొరలుంటాయి.

నడుమ చెక్క ఉంటుంది. ఒకే పెద్ద చెక్క కాదు. సన్నని చెక్క పట్టీలను పక్కపక్కన అతికి చేస్తారు. ఒకే చెక్క అయితే వంగినప్పుడు పగలవచ్చు. పట్టీలు అతికితే వంగుతుంది, మళ్లీ సాగి నిలబడుతుంది.

చెక్కకు పైనా కిందా గాజు పోగులతో నేసిన బట్ట వేస్తారు. దాన్ని జిగురులో తడిపి అతికిస్తారు. మన సముద్ర తీరంలో జాలర్లు వాడే ఫైబర్ పడవలు కూడా గాజు పోగులతో చేసినవే. బరువు తక్కువ, గట్టితనం ఎక్కువ. ఈ పొరలన్నిటినీ యంత్రంలో పెట్టి వేడితో నొక్కుతారు. అప్పుడు అన్నీ ఒకటవుతాయి.

అన్నిటికన్నా అడుగున ఒక నున్నని పొర ఉంటుంది. అది పాలిథిన్ జాతికి చెందిన గట్టి ప్లాస్టిక్. మంచు మీద జారేది ఈ పొరే. మంచి పలకల్లో ఈ పొరకు కంటికి కనపడని సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోకి మైనం ఎక్కిస్తారు. ఎలాగంటే, వేడి ఇస్త్రీ పెట్టెకు మైనం ఆనించి చుక్కలుగా పలక మీద పడనిస్తారు. ఆ మైనం మీద ఇస్త్రీ చేస్తారు. మైనం కరిగి లోపలికి ఇంకుతుంది. ఆరాక పైన మిగిలింది గీకేస్తారు.

మైనం ఎందుకు? పలక జారేటప్పుడు రాపిడి పుడుతుంది. ఆ వేడికి మంచు కొంచెం కరిగి సన్నని నీటి పొర అవుతుంది. ఆ నీరు పలకకు అంటుకుంటే జారుడు తగ్గుతుంది. మైనం నీటిని అంటనివ్వదు. తామరాకు మీద నీటి బొట్టు నిలవదు కదా, అలాగే.

అంచుకు ఇనుము

ఎద్దుల బండి చక్రానికి చుట్టూ ఇనుప పట్టా వేస్తారు. చెక్క అరగకుండా అది కాపాడుతుంది. స్నోబోర్డు అంచు చుట్టూ కూడా సన్నని ఉక్కు పట్టీ ఉంటుంది. కానీ దాని పని వేరు. అది మంచును కోసి పట్టుకుంటుంది.

మొదట్లో బర్టన్ పలకలకు ఉక్కు అంచులు లేవు. మెత్తని మంచు మీద అవి బాగానే జారేవి. కొండ మీద మంచు గడ్డకట్టి రాయిలా ఉంటే పట్టు దొరికేది కాదు. మనిషి పక్కకు కొట్టుకుపోయేవాడు. 1980ల మధ్యలో ఉక్కు అంచులు వచ్చాయి. పలక అదుపులోకి వచ్చింది. అంచు మొద్దుబారితే ఆకురాయితో పదును పెడతారు.

పలక ఆకారం కూడా తిరగడానికి సాయం చేస్తుంది. పైనుంచి చూస్తే పలక రెండు చివరలా వెడల్పు. నడుమ కొంచెం సన్నం. డమరుకానికి ఉన్నట్టు నడుము ఉంటుంది, కానీ అంత లోతుగా కాదు. పలకను ఒక వైపుకు ఒరిగిస్తే ఆ వంపు అంచు మంచులో దిగుతుంది. వంపు ఎటు ఉంటే పలక అటు తిరుగుతుంది. వేళ్ల మీద బరువు వేస్తే ఒక వైపు తిరుగుతుంది. మడమల మీద బరువు వేస్తే రెండో వైపు తిరుగుతుంది. ఆగాలంటే పలకను కొండకు అడ్డంగా తిప్పి అంచు మీద నిలబడాలి.

పక్క నుంచి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. కొన్ని పలకలు నడుమ కొంచెం పైకి లేచి విల్లులా ఉంటాయి. మనిషి ఎక్కి నిలబడితే విల్లు అణుగుతుంది. బరువు రెండు చివరలకూ పోతుంది. గట్టి మంచు మీద వీటికి మంచి పట్టు ఉంటుంది. కొన్ని పలకలు చివరలు పైకి లేచి పడవ అడుగులా ఉంటాయి. అవి లోతైన మెత్తని మంచులో కూరుకుపోకుండా తేలతాయి. ఇప్పుడు రెండూ కలిపిన పలకలు కూడా చేస్తున్నారు.

కాలికీ పలకకూ ముడి

పలక మీద రెండు బైండింగులు బిగిస్తారు. బైండింగు అంటే కాలిని పట్టి ఉంచేది. దాని వెనక మడమ పైన నిలబడే ఒక రెక్క ఉంటుంది. మడమ వైపు ఒరిగినప్పుడు పిక్క ఆ రెక్కను నొక్కుతుంది. ఆ బలం పలక అంచుకు పోతుంది. పాదం మీద రెండు పట్టీలుంటాయి. ఒకటి చీలమండ దగ్గర, ఒకటి వేళ్ల దగ్గర. పట్టీలకు పళ్లుంటాయి. లాగితే బిగుస్తాయి, వాటంతట అవి వదులు కావు.

ఎడమ కాలు ముందు పెట్టి జారేవాళ్లు కొందరు. కుడి కాలు ముందు పెట్టేవాళ్లు కొందరు. కాళ్ల మధ్య ఎడం ఒక్కొక్కరికి ఒక్కో రకం. అందుకని బర్టన్ వాళ్లు పలక మీద ఒక పొడవాటి గాడి పెట్టారు. ఆ గాడిలో బైండింగును ముందుకీ వెనక్కీ జరిపి, కావలసిన చోట బిగించుకోవచ్చు.

తీగబండిలో పైకి వెళ్లేటప్పుడు ఒక కాలు విప్పుకోవాలి. పైన దిగగానే మంచులో కూచుని, చేతి తొడుగులతో ఆ పట్టీలు మళ్లీ బిగించుకోవాలి. రోజులో ఎన్నోసార్లు ఇదే పని. నడుము నొప్పి ఉన్నవాళ్లకు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది కష్టం. 2017లో బర్టన్ కంపెనీ దీనికి ఒక ఉపాయం తెచ్చింది. దాని పేరు స్టెప్ ఆన్. అంటే అడుగు వేయడమే. బూటుకు వేళ్ల దగ్గర అటూ ఇటూ రెండు కొక్కేలు. మడమ దగ్గర ఒకటి. కాలు పెట్టి తొక్కితే మూడు చోట్లా పట్టుకుంటుంది. వంగనక్కరలేదు. మీట లాగితే కాలు వచ్చేస్తుంది.

బూటు కూడా ముఖ్యమే. దానిలో రెండు భాగాలు. లోపల మెత్తని తొడుగు, బయట గట్టి తోడు. మడమ లోపల లేవకూడదు. వేళ్లు నలగకూడదు. బూటు వదులైతే మనిషి ఒరిగినా పలక ఒరగదు.

ఆడవాళ్ల కొలత

చాలా కాలం స్నోబోర్డులు మగవాళ్ల కొలతకే చేశారు. ఆడవాళ్లు కూడా వాటినే వాడుకోవాల్సి వచ్చింది. లేదా చిన్నపిల్లల పలక తీసుకోవాలి. ఫలితం ఏమిటి? బరువు తక్కువ ఉన్న ఆడమనిషి గట్టి పలక మీద నిలబడితే అది వంగదు. పాదం చిన్నది కాబట్టి వేళ్లు, మడమలు అంచు దాకా అందవు. అంచు మీద బలం పడకపోతే పలక తిరగదు. అప్పుడు చూసేవాళ్లు ఏమంటారు? ఆమెకు చేతకాదు అంటారు. తప్పు ఆమెది కాదు. పలకది.

కొడవలి పిడి చేతికి పెద్దదైతే కోత సాగదు. మందు కొట్టే డబ్బా పట్టీలు పొడవైతే వీపు నొప్పి పుడుతుంది. ఇదీ అలాంటిదే.

ఆడ క్రీడాకారిణులు తమ ఇబ్బందులు చెప్పారు. బర్టన్ కంపెనీ వాళ్ల మాట విని ఆడవాళ్ల కోసం పలకలు చేసింది. ఫీల్‌గుడ్ అనేది వాటిలో పేరున్నది. ఈ పలకల వెడల్పు తక్కువ. తక్కువ బరువుకే వంగుతాయి. బూట్లూ మారాయి. ఆడవాళ్ల పిక్క కండ సాధారణంగా కొంచెం కిందికి ఉంటుంది. మడమ సన్నగా ఉంటుంది. దానికి తగినట్టు బూటు పై అంచును, మడమ భాగాన్ని మార్చారు.

ఇంకో సంగతి. కంపెనీలో నిర్ణయాలు చేసే పదవుల్లో ఆడవాళ్లు చాలా తక్కువగా ఉన్నారని జేక్, డోనా గమనించారు. ఆడవాళ్లను ఆ పదవుల్లోకి తెచ్చే పనిని డోనా చేపట్టింది. బిడ్డల తల్లులు ఉద్యోగం మానకుండా నిలబడే వీలు కల్పించింది.

2018లో దక్షిణ కొరియాలో శీతాకాల ఒలింపిక్స్ జరిగాయి. అమెరికా తరఫున క్లోయీ కిమ్ అనే అమ్మాయి స్నోబోర్డు మీద బంగారు పతకం గెలిచింది. అప్పుడు ఆమె వయసు 17. ఆమె తల్లిదండ్రులు కొరియా నుంచి అమెరికాకు వలస వెళ్లినవాళ్లు. 2022లో కూడా ఆమె బంగారు పతకం గెలిచింది.

ఒంటికి రక్షణ

మంచులో చలితో పాటు చెమట కూడా ప్రమాదమే. ఆడేటప్పుడు చెమట పడుతుంది. ఆగితే ఆ తడి చల్లబడి ఒళ్లు గడ్డకడుతుంది. అందుకే బట్టలు మూడు పొరలుగా వేసుకుంటారు. లోపలి పొర చెమటను బయటికి పంపుతుంది. నూలు బట్ట వేసుకోరు. నూలు తడిని పట్టి ఉంచుతుంది. నడుమ పొర వేడిని నిలుపుతుంది. పై పొర గాలినీ నీటినీ లోపలికి రానివ్వదు.

తలకు హెల్మెట్ పెట్టుకుంటారు. కళ్లకు అద్దాలు పెట్టుకుంటారు. ఎండ మంచు మీద పడి తిరిగి కళ్లలో కొడుతుంది. కొత్తవాళ్లు పడేటప్పుడు చేయి ఆనిస్తారు. మణికట్టు విరుగుతుంది. అందుకని మణికట్టుకు కూడా రక్షణ పెట్టుకుంటారు.

ఇవన్నీ ఉన్నా కొండ ముందు మనిషి చిన్నవాడే. క్రెయిగ్ కెల్లీ అనే ఆయన ఎన్నోసార్లు ఛాంపియన్. బర్టన్ పలకలను మెరుగు చేయడంలో ఆయన సలహాలు ఎంతో పనికొచ్చాయి. 2003 జనవరిలో కెనడా కొండల్లో మంచు చరియ విరిగి పడింది. ఆయనతో పాటు మొత్తం 7 మంది చనిపోయారు. బర్టన్ కంపెనీ కొత్త పలకల నమూనాలు చేసే చోటుకు క్రెయిగ్స్ అని ఆయన పేరే పెట్టింది. దారి లేని కొండల్లోకి వెళ్లేవాళ్లు ఒక చిన్న రేడియో పెట్టెను ఒంటికి కట్టుకుంటారు. మంచు కింద కూరుకుపోతే అది ఎక్కడున్నారో చెబుతుంది. తవ్వడానికి పార కూడా తీసుకుపోతారు.

అందరికీ అందాలి

స్నోబోర్డు ఖరీదైన ఆట. పలక, బూట్లు, బట్టలు, కొండ టిక్కెట్టు, అన్నిటికీ డబ్బు కావాలి. పేద పిల్లలు కొండ పక్కనే ఉన్నా ఆడలేరు. 1995లో జేక్, డోనా కలిసి చిల్ అనే సంస్థ పెట్టారు. అది అలాంటి పిల్లలకు సామాను ఇచ్చి, కొండకు తీసుకుపోయి, ఆట నేర్పుతుంది.

2015లో జేక్‌కు నరాల జబ్బు వచ్చింది. ఒళ్లంతా చచ్చుబడింది. మాట పోయింది. చెప్పాలనుకున్నది కాగితం మీద రాసి చూపించేవాడు. కోలుకున్నాక మళ్లీ నడక నేర్చుకున్నాడు. మళ్లీ పలక ఎక్కాడు. 2019 నవంబరు 20న క్యాన్సర్‌తో చనిపోయాడు. అప్పుడు ఆయన వయసు 65.

మొదటి పలకకు ఒక చెక్క, ఒక పట్టీ ఉన్నాయి. ఇప్పటి పలకలో ఎన్నో పొరలున్నాయి. కాలు జారితే పట్టీ వచ్చింది. మంచు గట్టిపడితే ఉక్కు అంచు వచ్చింది. ఆడవాళ్లు నోరు విప్పి చెబితే వాళ్ల కొలతకు పలక వచ్చింది. వాడేవాళ్లు చెప్పాలి. చేసేవాళ్లు వినాలి. అప్పుడే పనిముట్టు మనిషికి కుదురుతుంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. స్నర్ఫర్‌కూ జేక్ చేసిన పలకకూ తేడా ఏమిటి?
2. పలక అడుగున మైనం ఎందుకు ఎక్కిస్తారు?
3. ఉక్కు అంచు లేకపోతే ఏమవుతుంది?
4. మీరు వాడే పనిముట్లలో మీ చేతికి, మీ ఎత్తుకు సరిపోనివి ఏవి? వాటిని ఎలా మారిస్తే బాగుంటుంది? నాలుగు వాక్యాలు రాయండి.